రొదలో పాట: వర్క్‌షాప్‌కి స్పీకర్ ఎంచుకోవడం ఎలా?

స్పీకర్ కొనడానికి వెళ్తే మనం మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అనే. హాస్టల్ రూముకైతే ఆ ఒక్క ప్రశ్నతో పని జరిగిపోతుంది. ఇనుము కోసే షెడ్డుకి మాత్రం సరిపోదు. ఎందుకు సరిపోదో, ఇంకా ఏమేం అడగాలో చెప్పడానికే ఈ వ్యాసం. తెలుగులో టెక్నికల్ విషయం రాయడం నాకు ఇదే మొదటిసారి. అందుకే డెసిబెల్, బ్యాటరీ లాంటి మాటల్ని అలాగే వాడుతున్నాను.

ఉదాహరణకి మా బాబాయి షెడ్డునే తీసుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో గేట్లు, గ్రిల్స్ చేస్తాడు. పైన రేకులు, కింద ఐదుగురు పనివాళ్లు, రెండు గ్రైండర్లు, ఒక కటింగ్ మిషన్. "కంప్యూటర్లు చదువుతున్నావు కదరా, గ్రైండర్ ఆడుతున్నా పాట వినపడే స్పీకర్ ఒకటి చూసిపెట్టు" అన్నాడు. చిన్న పనే అనుకుని లెక్క వేయడం మొదలుపెట్టాను.

ముందు శబ్దాన్ని రెండుగా విడదీయాలి. ఇంగ్లీషులో రెండింటికీ నాయిస్ అనేస్తాం గానీ తెలుగులో మంచి మాటలున్నాయి. ఫ్యాన్లు, రోడ్డు మీద లారీలు, పక్క షెడ్డు జనరేటర్ కలిసి ఎప్పుడూ ఉండేది రొద. గ్రైండర్ ఇనుముకి తగిలినప్పుడు వచ్చేది మోత. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే రొద సుమారు 70 డెసిబెల్స్, మోత దగ్గర నిలబడితే 98 వరకు చూపించింది. ఫోన్ కొలత పక్కా కాదు, కానీ మన లెక్కకి చాలు.

ఇక్కడ మూడు సూత్రాలు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు సౌండ్ అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదిరెట్లు వాట్లు. రెండు, దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరుబయట 6 డెసిబెల్స్ తగ్గుతాయి. రేకుల షెడ్డులో శబ్దం గోడలకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి కొంచెం తక్కువ తగ్గుతుంది. మూడు, ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో దాన్ని సెన్సిటివిటీ అంటారు. వాట్లు సమానంగా ఉన్నా రెండు స్పీకర్ల సౌండ్ వేరుగా ఉండడానికి ఇదొక కారణం. పెట్టె మీద పీఎంపీఓ అని వేలల్లో అంకె ఉంటే దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు. చూడాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు.

ఇప్పుడు లెక్క. సెన్సిటివిటీ 85 అనుకుందాం. స్పీకర్ నాలుగు మీటర్ల దూరంలో గోడకి ఉంది. పాట మోతతో సమానంగా, అంటే 98 దగ్గర వినపడాలి. దూరం వల్ల పోయే 12 కలిపితే మీటరు దగ్గర 110 కావాలి. 85 నుంచి 110కి వెళ్లాలంటే 300 వాట్లు దాటాలి. చేత్తో పట్టుకెళ్లే చిన్న స్పీకర్లు సాధారణంగా 20, 30 వాట్ల దగ్గరే ఉంటాయి. అదే, స్పీకర్‌ని రెండు మీటర్ల దగ్గరికి తెచ్చి, రొద మీద 6 డెసిబెల్స్ ఎక్కువగా, అంటే 76 దగ్గర వింటే చాలనుకుంటే? అర వాటు సరిపోతుంది.

అంటే రొదని గెలవడం తేలిక. మోతని గెలవడం కష్టం, అంతకంటే ముఖ్యంగా, గెలవకూడదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన చేసే నయాష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. 3 పెరిగిన ప్రతిసారీ ఆ టైం సగం అవుతుంది. 97 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది అరగంట. 98 మోతకి 98 పాట కలిపితే 101 అవుతుంది, ఉన్న టైం కూడా మళ్లీ సగమైపోతుంది. మనం సంతోషం కోసం పెట్టిన పాట, చెవి దృష్టిలో ఇంకో గ్రైండర్ అన్నమాట.

ఇది పుస్తకం లెక్క మాత్రమే కాదు. షెడ్డులో పాతికేళ్లుగా చేస్తున్న పెద్ద మేస్త్రీగారు ఫోన్ ఎప్పుడూ స్పీకర్ ఆన్ చేసే మాట్లాడతారు. మనం మెల్లగా మాట్లాడితే మన పెదాలు చూస్తారు. మోత వల్ల వచ్చే చెవుడు సాధారణంగా ముందు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. స, ష లాంటి సన్నని అక్షరాలు జారిపోతాయి. మాట వినపడుతుంది గానీ అర్థం కాదు. లోపలి చెవిలో దెబ్బతిన్న ఆ కణాలు మనుషుల్లో మళ్లీ పెరగవు.

ఇక మన్నిక. పెట్టె మీద ఐపీ67 లాంటి అంకె చూస్తాం. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 6 అంటే దుమ్ము లోపలికి పోదు. 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అని ఉంటే దుమ్ము సంగతి చెప్పలేదని అర్థం. స్విమ్మింగ్ పూల్‌కి అది చాలు, ఇనుప రజను ఎగిరే చోట చాలదు. పైగా స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది. రజను లోపలికి వెళ్తే దానికే అతుక్కుంటుంది, పాట గరగరలాడుతుంది. కాబట్టి షెడ్డుకి మొదటి అంకే ముఖ్యం. కింద పడితే తట్టుకుంటుందా, నూనె తగిలితే ఏమవుతుంది అన్నవి ఐపీ అంకె చెప్పదు. ఛార్జింగ్ మూత ఊడితే ఆ అంకెకి విలువా లేదు.

బ్యాటరీకి చిన్న గుణకారం చాలు. 5000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణిస్తే 18.5 వాట్-అవర్స్. సగటున 5 వాట్లు వాడితే మూడున్నర గంటలు. "12 గంటలు" అని రాసినది మధ్యస్థ వాల్యూమ్‌కి రాసింది. మే నెల ఎండలో రేకుల కింద ఛార్జింగ్ పెట్టొద్దు, లిథియం బ్యాటరీకి వేడి పడదు.

కొట్లో పరీక్ష ఇలా చేయండి. బీట్ పాట వద్దు, ఎవరైనా మాట్లాడుతున్న ఆడియో పెట్టండి. ఫుల్ వాల్యూమ్ చేసి నాలుగడుగులు వెనక్కి వెళ్లండి. మాట స్పష్టంగా ఉంటే మంచి స్పీకర్. చాలా చిన్న స్పీకర్లు ఫుల్ వాల్యూమ్‌లో బేస్‌ని తగ్గించేస్తాయి, కొట్లో ఊరించిన దబదబ షెడ్డులో ఉండదు.

బాబాయికి చివరికి నేను చెప్పింది ఇది: 20 వాట్ల చుట్టూ ఉన్న ఐపీ67 స్పీకర్ ఒకటి తీసుకుని, గ్రైండర్‌కి దూరంగా, పెయింట్ వేసే బల్ల దగ్గర తల ఎత్తులో తగిలించు. గ్రైండర్ ఆడేటప్పుడు పాట ఆపేయండి, లేదా వినపడకపోయినా వాల్యూమ్ పెంచకండి. మిగిలిన డబ్బుతో అందరికీ ఇయర్ ప్లగ్స్ కొను. పాట కోసం ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దు. మోతని దాటాలని వాల్యూమ్ పెంచుతారు, పైగా గేటు జారేటప్పుడు పక్కవాడు "ఆపు" అని అరిస్తే వినపడదు.