బొమ్మ కంటే ముందు పాట

పిల్లలూ, ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. కార్టూన్‌లో పాట వస్తుంది కదా, దాంట్లో ముందు ఏది తయారవుతుంది? బొమ్మలా, పాటా?

చాలామంది "బొమ్మలే టీచర్" అంటారు. కంటికి కనిపించేవి అవే కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ మామూలుగా ముందు పాట రాస్తారు, పాడి రికార్డు చేస్తారు. ఆ తర్వాతే దానికి తగ్గట్టు బొమ్మల్ని కదిలిస్తారు. ఎందుకలా చేస్తారో ఈ పాఠంలో తెలుసుకుందాం. చివర్లో మనమే ఒక చిన్న పాట వీడియో తయారుచేద్దాం.

కొత్త మాటలు

బాణీ: పాట ఏ ట్యూన్‌లో నడుస్తుందో అది.
లయ: చప్పట్లు సమానంగా పడేలా చేసే నడక.
పల్లవి: పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే భాగం.
చరణం: పల్లవి తర్వాత కథని ముందుకి తీసుకెళ్ళే భాగం.
హ్రస్వం: పొట్టిగా పలికే అచ్చు. అ, ఇ, ఉ, ఎ, ఒ.
దీర్ఘం: సాగదీసి పలికే అచ్చు. ఆ, ఈ, ఊ, ఏ, ఓ.
మాత్ర: ఒక పొట్టి అక్షరం పలకడానికి పట్టే సమయం.

1. హైదరాబాదు నుంచి వచ్చిన భీమ్

ఛోటా భీమ్ మీకు తెలుసు కదా! లడ్డూ తినగానే బలం వచ్చేస్తుంది. ఆ భీమ్‌ని తయారుచేసింది మన హైదరాబాదులోనే. రాజీవ్ చిలక గారు 2001లో అక్కడ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అనే సంస్థ పెట్టారు. 2008లో పోగో ఛానెల్‌లో ఛోటా భీమ్ మొదలైంది. భీమ్ ఊరి పేరు ఢోలక్‌పూర్. ఢోలక్ అంటే రెండు చేతులతో వాయించే వాద్యం. అంటే ఆ ఊరి పేరులోనే దరువు ఉందన్నమాట!

2019లో నెట్‌ఫ్లిక్స్‌లో 'మైటీ లిటిల్ భీమ్' వచ్చింది. అందులో భీమ్ ఇంకా మాటలు రాని బుజ్జిగాడు. డైలాగులు దాదాపు ఉండవు. భయం, సంతోషం, అల్లరి అన్నీ సంగీతమూ చప్పుళ్ళే చెప్తాయి. అందుకే ఏ భాష పిల్లలైనా దాన్ని చూసి నవ్వగలరు.

మాటలు లేకుండా కూడా సంగీతం కథ చెప్పగలదని దీన్నిబట్టి తెలుస్తోంది. మరి ఒక భాష మన నోటికి రావాలంటే? అప్పుడు మాటలున్న పాట కావాలి. ఆ మాటలు సరిగ్గా వినిపించాలి. మన పాఠంలో అసలు సంగతి ఇదే.

2. పాట ముందు ఎందుకు?

బొమ్మ కదులుతున్నట్టు కనిపించాలంటే ఒక్క సెకనులో చాలా బొమ్మలు మన కళ్ళ ముందు నుంచి వెళ్ళాలి. ఒక్కో బొమ్మని ఫ్రేము అంటారు. సినిమాల్లో సెకనుకి 24 ఫ్రేములు ఉంటాయి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఒక మాత్రకి పావు సెకను పడుతుందనుకోండి. అంటే 6 ఫ్రేములు. మన పాటలో ఒక్కో పాదానికి 14 మాత్రలు ఉంటే, 14 × 6 = 84 ఫ్రేములు. నాలుగు పాదాలకి 336 ఫ్రేములు. పాట మొత్తం 14 సెకన్లు మాత్రమే! ఒకే బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపి ఉంచినా 168 బొమ్మలు గీయాలి.

అన్ని బొమ్మలూ గీసేశాక "ఈ మాట బాలేదు, ఇంకో మాట పెడదాం" అంటే ఏమవుతుంది? మాట పొడవు మారుతుంది, చప్పట్లు మారతాయి, బొమ్మలు మళ్ళీ గీయాలి. అందుకే ముందు ఎవరో ఒకరు మామూలుగా పాడి ఒక నమూనా రికార్డు చేస్తారు. దాన్ని ట్రాక్ అంటారు. అది విని మాటలు, బాణీ సరిచేసుకుంటారు. తర్వాత అసలు గాయకులు పాడతారు. ఆ పాట వింటూ ఏ మాటకి ఏ బొమ్మ రావాలో వరుసగా గళ్ళలో గీసుకుంటారు. అది స్టోరీబోర్డు. ఆఖరున బొమ్మలు కదులుతాయి.

3. మూతి చూడండి

అద్దం ముందు నిలబడి "అమ్మ" అనండి. మధ్యలో పెదాలు కలిశాయా? ఇప్పుడు "ఆట" అనండి. నోరు తెరుచుకునే ఉంది. "ఊరు" అంటే మూతి సున్నాలా అవుతుంది.

ప, ఫ, బ, భ, మ పలికినప్పుడు రెండు పెదాలు కలుస్తాయి. బొమ్మలు గీసేవాళ్ళు ఈ అక్షరాలు ఎక్కడ వస్తాయో జాగ్రత్తగా వింటారు. ఆ క్షణంలో బొమ్మ నోరు మూసుకోకపోతే చూసేవాళ్ళకి ఏదో తేడాగా అనిపిస్తుంది.

ఒక భాషలో పాటకి బొమ్మలు గీసి, తర్వాత దాన్ని తెలుగులోకి డబ్బింగ్ చేస్తే మూతి కదలిక అప్పటికే అయిపోయి ఉంటుంది. తెలుగు మాటలు రాసేవారు దానికి సరిపోయే మాట వెతుక్కోవాలి. అది చాలా కష్టమైన పని. మొదటే తెలుగులో పాట కడితే బొమ్మే మన మాట వెనక నడుస్తుంది.

4. పొట్టి, పొడుగు

తెలుగులో అచ్చు పొడవు మారితే అర్థమే మారిపోతుంది. ఈ జతలు గట్టిగా చదవండి.

పడు – పాడు
మెడ – మేడ

స్నేహితుణ్ణి "పాడు" అనబోయి "పడు" అన్నారనుకోండి. పాట పాడమన్నట్టు కాదు, కింద పడమన్నట్టు!

ఇంగ్లిష్ రైమ్ బాణీలో తెలుగు మాటలు ఇరికిస్తే ఈ చిక్కే వస్తుంది. ఆ బాణీ ఎక్కడ సాగమంటే అక్కడ మనం అక్షరాన్ని సాగదీస్తాం. "మెడలో గొలుసు" అనేది "మేడలో గొలుసు" అయిపోతుంది. గొలుసు మెడలో ఉందా, మేడ మీద ఉందా? వినేవాళ్ళకి తెలీదు. పాదం చివర అక్షరాన్ని కాస్త సాగదీసినా ఫరవాలేదు. మాట మధ్యలో మాత్రం పొట్టిది పొట్టిగానే, పొడుగుది పొడుగ్గానే ఉండాలి.

మాత్రలు ఎలా లెక్కపెట్టాలి?
పొట్టి అక్షరానికి 1.
దీర్ఘం ఉన్న అక్షరానికి 2.
సున్నా ఉన్న అక్షరానికి 2.
మాటలో ఒత్తు ఉన్న అక్షరానికి ముందున్న అక్షరానికి 2.

ఉదాహరణకి 'చిన్న'. చి తర్వాత న్న ఉంది కాబట్టి చి కి 2, న్న కి 1. మొత్తం 3.

5. ముత్యాల దేశం, ముత్యాల సరం

మీరు పెరుగుతున్న బహ్రెయిన్ ముత్యాలకి పేరున్న దేశం. 1932లో ఇక్కడ చమురు దొరకకముందు ఎన్నో కుటుంబాలు ముత్యాల వేట మీదే బతికేవి. నెలల తరబడి పడవల్లో ఉండేవాళ్ళు పాటలు పాడుకునేవారు. ఆ పాటల్ని ఫిజిరి అంటారు. ఒక ముఖ్య గాయకుడు పాడితే మిగతావాళ్ళు అందుకుంటారు. చప్పట్లు, డప్పులు, జహ్లా అనే మట్టికుండ వాటి వాద్యాలు. 2021లో యునెస్కో ఫిజిరిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

మన తెలుగులోనూ ఒక ముత్యాల దండ ఉంది. 1910లో గురజాడ అప్పారావు గారు 'ముత్యాల సరాలు' అనే గేయం రాశారు. సరం అంటే దండ. ఆ నడకకి కూడా ముత్యాల సరం అనే పేరు వచ్చింది. అది 3, 4, 3, 4 మాత్రలుగా నడుస్తుంది. నోటితో ఇలా అనండి: తకిట తకధిమి, తకిట తకధిమి. ప్రతి ముక్క మొదట్లో ఒక చప్పట కొట్టండి. చప్పట్లకి ఖర్చు లేదు, వాద్యమూ అక్కర్లేదు!

6. మన పాట

ఈ నడకలో మీకోసం ఒక పొడుపు పాట రాశాను.

నీటి లోపల చిన్న గూడది
గూటి లోపల తెల్ల రాయది
తలుపు తీసిన వెలుగు చిమ్మును
పేరు చెప్పవె చిట్టి చేపా!
(అందరూ) ముత్యం! ముత్యం!

మొదటి పాదం లెక్క చూడండి. నీటి 3, లోపల 4, చిన్న 3, గూడది 4. మొత్తం 14. మిగతా పాదాలు మీరు లెక్కపెట్టండి.

7. చేసి చూద్దాం

ముగ్గురు, నలుగురు కలిసి చేస్తే బాగుంటుంది. ఒక్కరైనా చేయొచ్చు.

మొదటి మెట్టు: పాటని మామూలుగా చదవండి. తర్వాత చప్పట్లతో చదవండి. బాణీ ఇంకా వద్దు.
రెండో మెట్టు: మీకు తోచిన బాణీ కట్టండి. 'నీటి' అనేది 'నిటి' అయిపోతే, 'తలుపు' అనేది 'తాలుపు' అయిపోతే బాణీ మార్చండి, మాట మార్చకండి.
మూడో మెట్టు: అమ్మ ఫోన్‌లో పాట రికార్డు చేయండి. ఇదే మీ ట్రాక్.
నాలుగో మెట్టు: ఆ రికార్డింగ్‌ని ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో పంపండి. ఇక్కడ సాయంత్రం 6 అయితే అక్కడ రాత్రి 8:30 అవుతుంది. వాళ్ళు పడుకోకముందే పంపండి! రాసిన పాట పంపొద్దు, పాడింది మాత్రమే పంపండి. విని పొడుపు విప్పమనండి. వాళ్ళు "ముత్యమా?" అంటే మీ తెలుగు అంత దూరం వెళ్ళి అర్థమైందన్నమాట. ఏ మాట తెలియలేదో అడిగి, దాన్ని మళ్ళీ పాడండి. ఈ సారి చివరి 'ముత్యం' అన్న మాట పంపకుండా ఆపండి, లేకపోతే జవాబు ముందే తెలిసిపోతుంది.
ఐదో మెట్టు: కాగితం మీద ఆరు గళ్ళు గీయండి. పాట వింటూ ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేయండి: సముద్రం, ఆల్చిప్ప, లోపల ముత్యం, తెరుచుకున్న చిప్ప, చేప, అందరి నవ్వులు.
ఆరో మెట్టు: పాట వినిపిస్తూ బొమ్మల్ని ఒకదాని తర్వాత ఒకటి ఫోన్‌తో వీడియో తీయండి. కొత్త పాదం మొదలవగానే బొమ్మ మారాలి.

8. ప్రశ్నలు

1. బొమ్మల కంటే ముందు పాట ఎందుకు రికార్డు చేస్తారు? రెండు వాక్యాల్లో రాయండి.
2. మన పాటలో పెదాలు కలిసే అక్షరాలు ఏయే మాటల్లో ఉన్నాయి? గీత గీయండి.
3. 'వెలుగు', 'చిమ్మును', 'ముత్యం' మాటలకి మాత్రలు లెక్కపెట్టండి.
4. పడు–పాడు లాంటి జతలు ఇంకో రెండు ఇంట్లో అడిగి రాయండి.
5. ఖర్జూరం మీద గానీ, ఒంటె మీద గానీ 3, 4, 3, 4 నడకలో రెండు పాదాలు రాయండి. మొదటి మాట నేనిస్తాను: "ఇసుక". అది 3 మాత్రలు. తర్వాత నాలుగు మాత్రల మాట మీదే!