కోకిల కూతకు హేతువు

వసంతము రాగానే మామిడి పూయును, కోకిల కూయును. ఈ రెండింటికిని గల సంబంధము కవులకు అనాదిగా ప్రియమైనది. అయితే జైన వాఙ్మయమున కోకిల ఋతుశోభ మాత్రమే కాదు. అందు ఈ పక్షి మూడు చోట్ల మూడు అర్థములతో కనబడును. ఆ మూడును వరుసగా చూచినచో ఆత్మ యెక్కవలసిన మూడు మెట్లవలె నున్నవి.

మొదటిది మమకారము. క్రీ. శ. 941లో ఆదిపురాణమును రచించిన పంపడు కన్నడమున ఆదికవిగా ప్రసిద్ధుడు. ఆతని తమ్ముడగు జినవల్లభుడు కరీంనగరము ప్రాంతమునందలి కుర్క్యాల బొమ్మలగుట్టపై వేయించిన శాసనమున తెలుగు కందపద్యములు కలవు. కావున ఆ కుటుంబము తెలుగువారికిని ఆప్తమైనదే. పంపడు విక్రమార్జున విజయమునందు బనవాసి సీమను వర్ణించుచు, ఆ సీమలోని వనములందు తుమ్మెదగానో కోకిలగానో పుట్టవలెనని కోరెను. దూరదేశముల స్థిరపడిన కుటుంబములకు ఈ కోరికలోని తీపి తెలియనిది కాదు. కాని జైనదర్శనము ప్రకారము పక్షిజన్మ తిర్యంచగతి. మోక్షమునకు మనుష్యజన్మమే ద్వారము. ఈ కోకిల మధురమైనదే. అయినను బంధములో నున్నది.

రెండవది భక్తి. మానతుంగాచార్యుల భక్తామర స్తోత్రమును శ్వేతాంబరులు 44 శ్లోకములుగను, దిగంబరులు 48 శ్లోకములుగను పఠింతురు. ఆ స్తోత్రమునకు కుదిరిన వృత్తము పేరు కూడ వసంతతిలకమే. దాని ఆరవ శ్లోకమున కోకిల వచ్చును. తాము అల్పజ్ఞులమనియు, పండితులు నవ్వుదురనియు ఆచార్యులు ముందే ఒప్పుకొనిరి. అయినను, మామిడి మొగ్గలు కోకిలను కూయించునట్లు ఆదినాథునిపై భక్తియే తమ్ము పలికించుచున్నదనిరి. సంస్కృతము రాదని, ఉచ్చారణ తప్పునని సిగ్గుపడి స్తోత్రము మానుకొను గృహస్థునకు ఇంతకంటె ధైర్యము చెప్పు మాట లేదు. కోకిల సంగీతశాస్త్రము చదివి కూయుట లేదు గదా! ఇందొక హెచ్చరికయు కలదు. బేరము కుదురువరకు తియ్యగా పలికి, అది ముగియగానే పరుషముగా మాటాడు నోటికి ఈ ఉపమానము చెల్లదు. ఆ తీపికి హేతువు లాభము. ఈ తీపికి హేతువు భక్తి.

మూడవది జ్ఞానము. మహావీరస్వామి కేవలజ్ఞానమునకు పూర్వము పది మహాస్వప్నములను గాంచెనని భగవతీసూత్రము చెప్పుచున్నది. వానిలో రెండు కోకిలలు కలవు. ఒకటి తెల్లని రెక్కలు గల మగకోకిల. వెంటనే వచ్చినది రంగురంగుల రెక్కలు గలది. లోకమున మగకోకిల నల్లనిది. స్వప్నమున అది తెల్లనిదగుట శుక్లధ్యానమునకు సూచన. శుక్లమనగా తెలుపే గదా! చిత్రవర్ణముల కోకిల స్వామి ఉపదేశింపబోవు ద్వాదశాంగములకు సూచన. ఈ వరుస గమనింపదగినది. తెల్లని కోకిల ముందు, రంగుల కోకిల వెనుక. ధ్యానమున మనస్సు శుద్ధమైన పిమ్మటనే లోకమునకు మేలుచేయు వాక్కు బహురూపములుగా వెలువడినది.

భాషాసమితిని వ్రతముగా పాటించువారు సాధువులు. గృహస్థునకు అంతటి నియమము లేదు. కాని ప్రతిదినము ఉదయమున జినేంద్రుని యెదుట కూర్చుండునపుడును, పిదప అంగడి తలుపు తెరచునపుడును తన్ను తానొక ప్రశ్న వేసికొనవచ్చును: ఈ నోటి పలుకునకు హేతువేమి? ఆ ప్రశ్నకు ప్రతిదినము నిజమైన సమాధానము చెప్పుకొనగలవానికి, కోకిల కూత చెవికి మాత్రమే కాక ఆత్మకును వినబడును.