గుడ్డ బిగువులోనే ఉంది పని

మనలో చాలామందికి ఇల్లు మారడం అలవాటే. మూడేళ్ళకో నాలుగేళ్ళకో నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తుంది, పెట్టెలు సర్దుకుంటాం. అండమాన్‌కు వచ్చేటప్పుడు మాత్రం ఒక తేడా ఉంది. ఇక్కడికి సామాను ఓడలో రావాలి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన మన ఊరికి, సముద్రం మీద సుమారు 1,190 కిలోమీటర్లు. మా తరగతి మిత్రుడి వాళ్ళ పాత కారు కూడా అలాగే వచ్చింది.

ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కారు అద్దం పక్క నుంచి కారే వాన నీరు తలుపు లోపలికి దిగి, అడుగున ఉండే చిన్న రంధ్రాల నుంచి బయటికి పోతుంది. ఆ తడి లోపలి అట్టకు తగలకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. మా మిత్రుడి కారులో ఆ కాగితం చిరిగిపోయింది. రెండు వర్షాకాలాలకు తలుపు లోపలి హార్డుబోర్డు ఉబ్బి, స్పీకరు చుట్టూ పొడిపొడిగా రాలింది. షాపుల్లో దీన్ని 'డోర్ ప్యాడ్' అంటారు. పాత మోడల్ కాబట్టి కొత్తది ఇక్కడ దొరకలేదు. జనవరిలో వాళ్ళ నాన్నగారికి బదిలీ వచ్చింది. మార్చి నెలాఖరు ఓడకు కారు ఎక్కాలి. ఈలోగా ఫైబర్‌గ్లాస్‌తో మనమే ప్యాడ్ చేద్దామని ముగ్గురం అనుకున్నాం. రెజిన్ కలిపి పూసే పని మిత్రుడి నాన్నగారు చేస్తానన్నారు. జంగ్లీఘాట్ దగ్గర ఫైబర్ బోట్లకు మాట్లు వేసే మేస్త్రిగారు సలహా చెప్పారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా.

ఫైబర్‌గ్లాస్ అంటే ఏమిటి?

వెంట్రుక కన్నా సన్నటి గాజు పోగులను చాపలా పరిచి, దానికి రెజిన్ అనే చిక్కటి ద్రవం పడతారు. రెజిన్ గట్టిపడితే ఫైబర్‌గ్లాస్ అవుతుంది. లాగే బలాన్ని గాజు పోగులు తట్టుకుంటాయి. వాటిని ఒకచోట పట్టి ఉంచే పని రెజిన్‌ది. ఇది తుప్పు పట్టదు, నీటికి ఉబ్బదు. అందుకే చేపల పడవలకు ఇంతగా వాడుతున్నారు. అమెరికాలో 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ కారు బాడీ మొత్తం ఫైబర్‌గ్లాసే. మన దేశంలో 1980ల్లో బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ కారు బాడీ కూడా అదే.

రెజిన్ గట్టిపడటం మైనం గట్టిపడటం లాంటిది కాదు. మైనాన్ని మళ్ళీ కరిగించవచ్చు. పాలియెస్టర్ రెజిన్‌లో హార్డెనర్ కలిపితే రసాయన చర్య మొదలై, అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఆ ముడులు వేడి చేసినా విడిపోవు. పాఠ్యపుస్తకంలో బేకలైట్‌ను ఏ తరగతిలో చేర్చారో, ఇదీ ఆ తరగతిదే: థర్మోసెట్టింగ్ పాలిమర్. ఈ ఒక్క మాట సరిగా అర్థం చేసుకోకపోవడం వల్లే మా మొదటి ప్రయత్నం చెడింది.

గుడ్డ ఎందుకు?

అచ్చు ఉంటే దాని మీదే గాజు చాప పరవవచ్చు. మాకు అచ్చు లేదు. అలాంటప్పుడు ముందు చెక్కతో చట్రం చేసి, దాని మీద సాగే గుడ్డ బిగించి, ఆ గుడ్డకు రెజిన్ పడతారు. గుడ్డ గట్టిపడితే పెంకులాంటి ఆకారం వస్తుంది. దాని వెనక గాజు చాప అతికితే బలం వస్తుంది. గుడ్డ ఇచ్చేది ఆకారం మాత్రమే.

పాత ప్యాడ్ కొలతలకు ప్లైవుడ్ కోశాం. స్పీకరు కూర్చునే చోట ఒక చెక్క రింగును కొంచెం పైకెత్తి, పుల్లలతో నిలబెట్టాం. రింగు కింద బోర్డులో, వెనక నుంచి చెయ్యి పట్టేంత కంత ముందే కోసుకున్నాం. గాజు చాప అతికేది ఆ కంతలోంచే. పాత నూలు టీ షర్టు రింగు మీదుగా కప్పి, బోర్డు వెనక్కి మడిచి, స్టేప్లర్ గన్‌తో పిన్నులు కొట్టాం.

మొదటిసారి ఏం జరిగింది?

ఒక మూల నుంచి మొదలుపెట్టి, చుట్టూ వరసగా పిన్నులు కొట్టుకుంటూ వచ్చాం. చివరి మూలకు వచ్చేసరికి గుడ్డ మిగిలిపోయి ఒక మడత పడింది. ఎందుకంటే ప్రతి పిన్నుకూ లాగిన కొద్దిపాటి గుడ్డ ముందుకు జరుగుతూ, చివరికి ఒకేచోట పోగైంది. 'రెజిన్ తగిలితే అదే సర్దుకుంటుంది' అనుకున్నాం. రెజిన్ తగిలాక గుడ్డ మెత్తబడి, బరువెక్కి, ఇంకా జారింది. కాసేపటికి మడతతో సహా రాయిలా అయింది. గరుకు కాగితంతో అరగదీస్తే మడత పోలేదు, గుడ్డకే చిల్లు పడింది. కొన్న రెజిన్‌లో సగం అయిపోయింది. మళ్ళీ తెప్పిద్దామంటే ఓడ రావాలి.

మేస్త్రిగారు ఆ ముక్కను చేత్తో తడిమి, "రెజిన్ దేన్నీ సరిచెయ్యదు బాబూ. ఎలాగున్నదాన్ని అలాగే పట్టేస్తాది. గుడ్డ లాగినప్పుడే మీ పని అయిపోవాల" అన్నారు.

రెండోసారి ఎలా బిగించాం?

1. గుడ్డ మీద ముందుగా 2 సెంటీమీటర్ల గళ్ళు గీశాం. లాగాక గడి ఎక్కడ బాగా పొడవైతే అక్కడ లాగుడు ఎక్కువైందని, గీత ఎక్కడ వంకర పోతే అక్కడ గుడ్డ పక్కకు జరిగిందని తెలిసింది.

2. పై అంచు మధ్యలో ఒక పిన్ను, దానికి ఎదురుగా కింది అంచు మధ్యలో ఒకటి. తర్వాత ఎడమ మధ్య, కుడి మధ్య. ఆ నాలుగింటి నుంచి ఎదురెదురుగా మూలల వైపు జరిగాం. దీనివల్ల మిగులు గుడ్డ ఒకేచోట పోగవకుండా నాలుగు మూలలకూ పంచుకుపోతుంది. మూలల దగ్గర బోర్డు వెనక వైపు మాత్రమే చిన్న గాట్లు పెట్టి మడిచాం.

3. పిన్నుకు పిన్నుకు మధ్య సుమారు 2 సెంటీమీటర్లు ఉంచాం. దూరం ఎక్కువైతే మధ్యలో గుడ్డ అలల్లా నిలబడుతుంది.

4. మరీ గట్టిగానూ లాగలేదు. ఎక్కువ లాగితే పిన్ను దగ్గర గుడ్డ చిరుగుతుంది, లేదా రింగే ఒక పక్కకు ఒరుగుతుంది. మా రింగు కొంచెం కదిలింది. పిన్నులు తీసి, ఇంకో రెండు పుల్లలు అతికించి మళ్ళీ మొదలుపెట్టాం.

5. గది చీకటి చేసి టార్చిలైటును పక్క నుంచి వేశాం. ఎదురు వెలుగులో కనబడని ముడత పక్క వెలుగులో నీడై కనబడుతుంది. ముడతలన్నీ పోయాకే రెజిన్ డబ్బా మూత తీశాం.

కొందరు రింగు అంచున గుడ్డను సూపర్ గ్లూతో అతికిస్తారు. మేం వద్దనుకున్నాం. నూలు గుడ్డకు ఆ జిగురు ఎక్కువగా తగిలితే చర్య వేగంగా జరిగి, చర్మం కాలేంత వేడి పుట్టవచ్చు.

బిగించిన గుడ్డ ఎలాంటి ఆకారం తీసుకుంటుంది?

ఎత్తుగా ఉన్న రింగు నుంచి కింద ఉన్న బోర్డు అంచు దాకా గుడ్డ లోపలికి వంగి, గుర్రపు జీను లాంటి ఆకారం తీసుకుంది. సబ్బు నీటి పొరను వంకర తీగ చట్రం మీద నిలిపినా ఇలాంటి ఆకారమే వస్తుంది. జర్మన్ వాస్తుశిల్పి ఫ్రై ఒటో సబ్బు పొరలను పరిశీలించి గుడారాల లాంటి పైకప్పులు రూపొందించారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్ స్టేడియం పైకప్పులో ఆయన పాలు ఉంది. మనకు పనికొచ్చే సంగతి ఇది: బిగించిన గుడ్డ తనంతట తాను బొజ్జలా బయటికి ఉబ్బదు. ఉబ్బు కావాలంటే కింద ఏదైనా ఆధారం పెట్టాలి. ఆ ఆధారంగా థర్మోకోల్ పెట్టకూడదు, పాలియెస్టర్ రెజిన్ దాన్ని కరిగించేస్తుంది.

రెజిన్ దగ్గర జాగ్రత్తలు

ఈ భాగం పెద్దవాళ్ళే చేయాలి. హార్డెనర్ కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అందుకని కళ్ళద్దాలు, చేతులకు నైట్రైల్ గ్లవ్స్, ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి. హార్డెనర్‌నూ కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. మంట లేదా పేలుడు జరగవచ్చు. రెజిన్‌కు హార్డెనర్ బరువులో 1 నుంచి 2 శాతం. ఇక్కడి వేడికి 1 శాతం చాలింది, అంటే 500 గ్రాములకు 5 గ్రాములు. గుడ్డ, గాజు చాప రెండూ పొడిగా ఉండాలి. తేమ ఉంటే రెజిన్ సరిగా పట్టదు. అందుకే ఫిబ్రవరిలో, వాన లేని రోజు చూసుకున్నాం.

మొదటి పూత ఆరాక వెనక నుంచి గాజు చాప రెండు వరసలు అతికించారు. చాపను కత్తిరించకుండా చేత్తో చింపారు. చింపిన అంచు పక్క ముక్కలో కలిసిపోతుంది. వెనక కనబడే చెక్కకూ పిన్నులకూ కూడా రెజిన్ పూశారు, లేకపోతే ఉప్పు గాలికి పిన్నులు తుప్పు పడతాయి. పైన పుట్టీ పెట్టి, నున్నగా రుద్ది, రెగ్జిన్ తొడిగాం. (రెజిన్ వేరు, సీట్లకు వేసే రెగ్జిన్ వేరు!) రెగ్జిన్‌ను కూడా మధ్య నుంచి మూలలకు, ఎదురెదురుగానే లాగాం. బిగించే ముందు అద్దం పూర్తిగా దిగుతోందా, తలుపు పిడి తేలిగ్గా అందుతోందా చూసుకున్నాం. చిరిగిన ప్లాస్టిక్ కాగితం స్థానంలో కొత్తది వేశాం.

మార్చి చివర్లో కారు ఓడ ఎక్కింది. మిత్రుడు ఇప్పుడు వేరే ఊళ్ళో, వేరే తరగతి గదిలో ఉన్నాడు. మొదట చెడిన ముక్క మా దగ్గరే ఉంది. ఆ మడత ఇంకా అలాగే ఉంది.

మీరూ చేసి చూడండి

రెజిన్ అక్కర్లేదు. ఒక పాత గిన్నె అంచు మీద టీ షర్టు గుడ్డ బిగించి, చుట్టూ దారంతో కట్టండి. ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి గుడ్డకు పూసి ఒక రోజు ఆరనివ్వండి. ఒకసారి వరసగా లాగుతూ, ఇంకోసారి ఎదురెదురుగా లాగుతూ చేసి రెండింటినీ పోల్చండి.

ఆలోచించండి

1. గడి 2 సెంటీమీటర్ల నుంచి ఒక వైపు 2.5 సెంటీమీటర్లకు సాగితే, ఆ దిశలో సాగుదల ఎంత శాతం?
2. తడిసిన గుడ్డ ఎందుకు జారుతుంది?
3. నులక మంచం బిగించేటప్పుడు మీ తాతగారు ఏ వరసలో లాగేవారు? ఈసారి ఫోన్ చేసినప్పుడు అడిగి తెలుసుకోండి.