సినిమా సరే, నీకేమనిపించింది?

ఫస్ట్ షో చూసి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో టీ తాగకుండా ఇంటికెళ్తే సినిమా పూర్తిగా చూసినట్టు కాదని మా గుంపులో ఒక నమ్మకం. పార్కింగ్‌లోంచి బండ్లు బయటపడేలోపే సినిమా జాతకం తేలిపోతుంది. "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్." "ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది గానీ క్లైమాక్స్ తేల్చేశాడు." ఇక చివరి తీర్పు మాలో ఒక బ్యాంకు ఉద్యోగిది. "ఏ సెంటర్లలో ఆడుతుంది గానీ, బీ, సీలకి ఎక్కదు." అంటే నగరాల్లో ఆడుతుంది గానీ, చిన్న పట్టణాల్లో, పల్లెల్లో ఆడదని.

వాడు ఒక్క సినిమా కొన్నవాడు కాదు, అమ్మినవాడు కాదు. వాళ్ల ఊరి హాలు ఫంక్షన్ హాలుగా మారి చాలా ఏళ్లయింది. సీ సెంటర్ ప్రేక్షకుణ్ని వాడు ఆఖరిసారి చూసింది అక్కడే. అయినా మాట తొణకదు. ఒక రాత్రి నాకు సరదా పుట్టి, "బీ, సీల సంగతి తర్వాత. నీకు నచ్చిందా?" అని అడిగాను. నోటిదాకా వెళ్లిన టీ గ్లాసు ఆగింది.

"బాగానే ఉంది... కానీ ఆడదు రా."

"ఆడటం కాదు. నీకు?"

"ఏమో. ఆలోచించలేదు."

రెండున్నర గంటలు కళ్లప్పగించి చూశాడు. రెండు రాష్ట్రాల్లో ఎవరెవరికి నచ్చుతుందో చెప్పాడు. తనకు నచ్చిందో లేదో మాత్రం తెలియలేదు. ఆ రాత్రి వాణ్ని చూసి నవ్వాను గానీ, ఇంటికెళ్లి పడుకున్నాక నా మాటలే గుర్తొచ్చి నవ్వు పోయింది. నేను అన్నదేమిటి? "ఒకసారి చూడొచ్చు." ఎవరు చూడొచ్చు? ఎందుకు? అది అభిప్రాయం కాదు, అభిప్రాయం అడిగినవాణ్ని మర్యాదగా సాగనంపే మాట.

తెలుగువాళ్లం సినిమా గురించి మాట్లాడేటప్పుడు తెలియకుండానే బయ్యర్ల భాష మాట్లాడతాం. నైజాం షేర్ ఎంత, సీడెడ్‌లో ఎంత, బ్రేక్ ఈవెన్ అయిందా లేదా. (సీడెడ్ అనే మాట చూడండి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన జిల్లాలకు పడ్డ పేరది. రాయలసీమ వాళ్లు ఎన్నడో వదిలించుకున్న ఆ పేరు సినిమా వ్యాపారంలో మాత్రం ఇంకా నిక్షేపంగా ఉంది.) డబ్బు పెట్టినవాడికి ఆ లెక్క ప్రాణం. టికెట్ కొనుక్కుని చూసిన మనకు ఆ లెక్కతో పనేమిటి? పని ఉంది. ఆ లెక్క వెనక దాక్కోవచ్చు. "ఆడదు" అన్నవాడి మాట తప్పితే మార్కెట్ తప్పింది. "నాకు నచ్చింది" అన్నవాడు మాత్రం నలుగురిలో తనను తాను బయటపెట్టుకున్నాడు.

నేను దాక్కున్న కథ ఒకటి చెప్పాలి. 2010 నవంబరులో ఆరెంజ్ వచ్చింది. ప్రేమ కలకాలం ఒకేలా ఉండదని హీరో పదే పదే చెప్పే సినిమా. నాకు నచ్చింది. పాటలు ఎలాగూ నచ్చాయి, ఆ మొండి వాదన కూడా నచ్చింది. హాలు బయట మావాళ్లు నలుగురూ "దండగ" అన్నారు. ఐదోవాణ్ని నేను. "అవును, పాటలు తప్ప ఏముంది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు ఏ బాధా లేదు, అదే వింత. ఇంటికి చేరేసరికి నాకు నిజంగానే నచ్చలేదేమో అనిపించింది. 2023లో ఆ సినిమా మళ్లీ విడుదలైతే కుర్రాళ్లు హాల్లో ప్రతి పాటా తెరతో కలిసి పాడారు. అప్పట్లో దండగ అన్న నలుగురిలో ఒకడు ఆ వీడియో నాకు పంపి, "మనం ఎంత మంచి సినిమా మిస్సయ్యాం రా" అన్నాడు. నేను మిస్సవలేదు. నోరు విప్పలేదు, అంతే. 2010లోనే, ఆరెంజ్‌కు నెలన్నర ముందు వచ్చిన ఖలేజా సంగతీ ఇంచుమించు ఇదే. హాల్లో దెబ్బతిని, టీవీలో మెల్లగా జనానికి ఎక్కి, 2025లో మళ్లీ విడుదలైనప్పుడు పండగ చేసుకుంది. పదిహేనేళ్లలో రీలు మారలేదు, జనమే మారారు.

ఐదోవాడి పరిస్థితి మీద 1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు చాలా ప్రసిద్ధం. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమంటారు. పసిపిల్లవాడు కూడా చెప్పగలిగినంత తేలిక. కానీ గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా ఆష్ మనుషులు. ముందే అనుకున్న ప్రకారం అందరూ ఒకే తప్పు జవాబు చెబుతారు. అసలు మనిషి వంతు చివర్లో వస్తుంది. అలాంటి సందర్భాల్లో మూడోవంతుకు పైగా జవాబులు గుంపు వైపే వెళ్లాయి. కళ్లెదుట కనిపించే గీత విషయంలోనే ఇలా ఉంటే, కొలిచేందుకు స్కేలే లేని సినిమా విషయంలో చెప్పాలా?

ఆ ప్రయోగంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇంకో ముక్క. గుంపులో ఒక్కడు సరైన జవాబు చెప్పేలా ఏర్పాటు చేస్తే చాలు, అసలు మనిషి తప్పు చెప్పడం బాగా తగ్గిపోయింది. ఒక్కడు. అందుకే ఇప్పుడు మా టీ బల్ల దగ్గర నేనొక చిన్న పని చేస్తున్నాను. పెద్ద గొంతువాడు మొదలుపెట్టకముందే, ఎప్పుడూ ఆఖరున మాట్లాడేవాణ్ని పిలిచి అడుగుతాను. వాడు ముందు చెబితే ఆ రోజు చర్చ వేరేలా నడుస్తుంది. ఇలాంటి మనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. ఆఫీసు మీటింగుల్లో "అందరికీ ఓకే అయితే నాకూ ఓకే" అనేవాడూ సాధారణంగా వాడే. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో అద్దం ముందు నిలబడి గట్టిగా మాట్లాడమంటారు. నా మటుకు సినిమా అంతకన్నా మంచి అఖాడా. ఓడినా ఒంటికి దెబ్బ తగలదు, ఉద్యోగం పోదు, మహా అయితే పావుగంట ఎగతాళి.

అయితే చెప్పడం కూడా అలవాటు కావాలి. "సినిమా ఎలా ఉంది?" అంటే మనలో చాలామంది కథ చెబుతారు. "హీరో తండ్రిని చంపేస్తారు, వీడు సిటీకొస్తాడు..." అని క్లైమాక్స్‌దాకా. అడిగినవాడికి సినిమా చూసే సరదా పోతుంది, చెప్పినవాడు తన మనసులో మాట ఒక్కటీ చెప్పడు. కొందరు ఫోన్ తీసి రేటింగ్ చూపిస్తారు. ఐదుకి 2.75. ఆ పావు ఎక్కడ తగ్గిందో రాసినవాడికైనా తెలుసో లేదో. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. హాల్లోంచి బయటికొచ్చాక టీ తాగేదాకా ఫోన్ తీయను. ఈలోగా నా బుర్రలో ఏ సీన్ తిరుగుతోందో చూసుకుంటాను. అది గొప్ప సీనే కానక్కర్లేదు. కేరాఫ్ కంచరపాలెం చూసొచ్చిన రాత్రి నాకు కథ కంటే మొహాలు మిగిలాయి. విశాఖలోని ఆ పేట మనుషులే చాలావరకు నటించిన సినిమా అది. మేకప్పు, తెర కాంతి తెలియని మొహాలు. "మా వీధిలో రోజూ చూసే మొహాలు తెరమీద చూస్తే సిగ్గేసింది" అన్నాను. ఎందుకు సిగ్గో నాకూ అప్పుడు తెలియదు. దాని మీద అరగంట మాట్లాడుకున్నాం. "సూపర్" అని ఊరుకుని ఉంటే అర నిమిషం పట్టేది.

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని సామెత చెప్పి లేచిపోయేవాళ్లూ ఉన్నారు. గొడవ ఎందుకని వాళ్ల ఉద్దేశం. నిజానికి ఆ సామెత దగ్గరే సంగతి మొదలవుతుంది. నీ జిహ్వకు ఏం తగిలింది, నాకు ఎందుకు తగల్లేదు? ఇక్కడ నేను చేసిన పాపం ఒకటుంది. మాలో ఒకడికి ఒక మాస్ సినిమా తెగ నచ్చింది. ఏ సినిమా అన్నది అనవసరం. "నీ టేస్టే అంత" అన్నాను నవ్వుతూ. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. ఆ తర్వాత చాలాకాలం, ఏ సినిమా గురించి అడిగినా వాడి నోట "పర్లేదు" తప్ప మాట రాలేదు. పనిచేసి అలసిపోయి వచ్చినవాడికి, తెరమీద ఒకడు నలుగుర్ని కొడుతుంటే ఏ బరువు దిగిందో నేనడిగి ఉండాల్సింది. సినిమాను తిట్టాలంటే తిట్టొచ్చు, తిట్టాలి కూడా. అది నచ్చిన మనిషిని దానితో కలిపి తిట్టకూడదు. హీరోల అభిమానుల మధ్య మాటలు ఎప్పుడూ అక్కడే చెడిపోతాయి.

వ్యాపార భాషకు భవిష్యత్తు తెలుస్తుందనేది కూడా భ్రమే. 1980లో విడుదలైన శంకరాభరణం కొనడానికి పంపిణీదారులు వెనకాడారు. ప్రధాన పాత్రలో యాభై దాటిన మనిషి, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకుంటున్న సోమయాజులు. కథేమో శాస్త్రీయ సంగీతం. ఆ లెక్కన ఏ సెంటర్‌లోనూ ఆడకూడదు. మొదటి రోజుల్లో పలచగా ఉన్న హాళ్లను నింపింది చూసొచ్చినవాళ్ల నోటిమాట. ఇంట్లో అన్నం తింటూ "నువ్వూ వెళ్లి చూడు" అన్నవాళ్లెవరూ సెంటర్ల లెక్క చెప్పి ఉండరు.

2023 మార్చిలో బలగం చూశాం. ఇంటి పెద్ద చనిపోతే, ఆయన పేరున పెట్టిన కూడు కాకి ముట్టదు. పిట్ట ఎందుకు ముట్టలేదని ఊరంతా చెప్పుకుంటుంది. అన్నదమ్ములకూ ఇంటి అల్లుడికీ మధ్య ఏళ్లనాటి పంతం బయటపడుతుంది. ఆ పంతానికి మూలం విందులో వడ్డించిన ఒక నల్లి బొక్క. తర్వాత ఆ సినిమాను ఊళ్లలో తెరలు కట్టి మరీ చూశారు. మేం చూసిన రోజుకు ఇంకా అంత పేరు రాలేదు. టీ బల్ల దగ్గర కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మా స్నేహితుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముందుగా "జర స్లో ఉంది" అన్నాడు.

"ఎక్కడ స్లో అనిపించింది?"

"ఎక్కడంటే..." కాసేపు గ్లాసు తిప్పాడు. "ఆ నల్లి బొక్క కాడ."

అది స్లో సీను కాదని అందరికీ తెలుసు. ఎవరం ఏమీ అనలేదు.

"మా ఇంట్ల బొక్క కాదు, పొలం గట్టు. మా బాపుకు, మా బావకు. ఆరేండ్లయితుంది, అక్క పండగకు రాక."

అప్పుడు బ్యాంకు మిత్రుడు గొంతు సవరించుకున్నాడు. నైజాం షేర్ చెబుతాడని నేను సిద్ధంగా ఉన్నాను.

"మీ అక్కది ఏ ఊరు?" అన్నాడు.

"సిరిసిల్ల దగ్గర్నే. ఇంకో రెండు చాయ్ చెప్పు రా."