ఎముకకు సున్నం

ఎముకలలో సున్నం తగ్గిందని పెద్దలు అంటూ ఉంటారు. సున్నంలో ఉండే కాల్షియమే ఎముకకు గట్టిదనాన్నిస్తుంది. ఒంటిలోని కాల్షియంలో నూటికి 99 పాళ్లు ఎముకలలో, పళ్లలోనే ఉంటుంది. వయసు పైబడినకొద్దీ ఎముక గుల్లబారుతుంది. అందుకే చాలామంది, ముఖ్యంగా స్త్రీలు, మాత్రలను ఆశ్రయిస్తున్నారు.

అమెరికాలో 50 ఏళ్లు, ఆపైన వయసున్న 36,282 మంది స్త్రీలను సుమారు ఏడేళ్లపాటు పరిశీలించారు. సగం మందికి రోజూ 1000 మిల్లీగ్రాముల కాల్షియం, దానితో కొంత విటమిన్ డి ఇచ్చారు. మిగతావారికి మందులేని ఉత్తుత్తి మాత్రలు. 2006లో ఫలితాలు వెలువడ్డాయి. కాల్షియం తీసుకున్నవారి తుంటి ఎముక కొద్దిగా చిక్కబడింది. కాని తుంటి విరగడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పైగా మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడడం నూటికి 17 పాళ్లు ఎక్కువైంది!

ఆహారంలోని కాల్షియం తీరు వేరు. రాళ్లకు మూలమైన ఆక్జలేటు అనే పదార్థాన్ని అది పేగులలోనే పట్టి ఉంచుతుంది. మూత్రంలోకి ఎక్కువగా చేరనివ్వదు. పరగడుపున మింగిన మాత్రకు అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చోళ్లన్నా, తైదలన్నా, ఒడియాలో మాండియా అన్నా ఇవే.

వైద్యులు లెక్కగట్టి ఇచ్చే మాత్రల సంగతి వేరు. గర్భిణులకు అవి అవసరమే. అయితే ఐరన్ మాత్రతో కలిపి మింగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రెండింటికీ నడుమ కనీసం 2 గంటల ఎడం ఉండాలి.