మన కారేది? లలితకొక లేఖ

చిరంజీవి లలితకు,

మీ నాన్న కారు కొనదలచినాడనియు, స్వదేశీ కారు తప్ప వేరొకటి వలదని నీవు పట్టుపట్టితివనియు నీ జాబువలన తెలిసినది. అర్థశాస్త్రము చదువుచున్న పిల్ల ఇంటి ఖర్చునందు దేశమును తలచుకొనుట నాకెంతయు సంతోషము కలిగించినది. అయితే అమ్మా, ఏది మనది యను నిర్ణయము కారు ముందుభాగమున మెరయు గుర్తును చూచి చేయదగినది కాదు. అందుకు కార్ఖానా గేటు దాటి లోనికి పోవలెను; అచ్చటివాని జీతపు చీటీ చూడవలెను; సుంకముల పట్టిక తిరుగవేయవలెను.

నేను ఆటోనగరులో ఒక బాడీ బిల్డింగు షెడ్డునందు లెక్కలు వ్రాసిన కాలమున, ఎన్నూరునుండి లారీ ఛాసిస్‌లు తెల్లవారుసరికి వచ్చి నిలిచెడివి. క్యాబిను లేదు, తలుపు లేదు. ఇంజను, చక్రములు, స్టీరింగు, రెండు పొడవైన ఇనుప దూలములు, అంతియే. చెక్కపెట్టెవంటి సీటుపై కూర్చుండి, తలకును ముఖమునకును తుండుగుడ్డ చుట్టుకొని, రాత్రియంతయు గాలిని దుమ్మును భరించుచు నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన దారి నడపుకొని వచ్చిన డ్రైవరు, దిగుటతోడనే మొదట నీళ్ళడిగెడివాడు. ఆ పైని వడ్రంగి చెక్కయు, వెల్డరు ఇనుప పట్టీలును, పెయింటరు రంగును చేర్చి, పిన్నపెద్దలందఱు కొన్ని వారములు శ్రమించిన మీదట, మన డెల్టా ధాన్యమును మోయు లారీ షెడ్డునుండి వెలువడెడిది.

ఆ లారీ ఏ దేశపుది? 1948లో వెలసిన అశోక్ మోటార్సు తొలుత ఎన్నూరులో ఇంగ్లీషువారి ఆస్టిన్ కార్లను కూర్చెను. 1955లో బ్రిటనునందలి లేలాండు వారు వాటాదారులు కాగా సంస్థ పేరే అశోక్ లేలాండుగా మారెను. 1987లో ఆ విదేశీయుల వాటా హిందూజాల చేతికి వచ్చెను. జంషెడ్‌పూరునందు టాటాలు 1954లో జర్మనీ డైమ్లర్ బెంజివారితో పదునైదేండ్ల ఒప్పందము చేసికొని, ఆ గడువులోనే విద్య నేర్చి, గడువు తీరిన పిదప తమ పేరుతోనే లారీలు నడపిరి. పరదేశపు విద్యను గడువు పెట్టుకొని నేర్చి స్వంతము చేసికొనుట స్వదేశీయతకు భంగము కాదు, అదియే దానికి మార్గమని నా దృఢవిశ్వాసము.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము అంబాసిడర్. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు అచ్చునుండి పుట్టి, 1958 మొదలుకొని 2014 వరకు ఉత్తరపారాలో తయారైన ఆ కారు, లైసెన్సుల చాటునను, సుంకపు గోడ మాటునను బహుకాలము గట్టి పోటీ యెఱుగక, యించుమించు ఒకే రూపముతో నిలిచిపోయెను; కొనువాడు డబ్బు కట్టి సంవత్సరముల తరబడి వేచియుండెను. ముమ్మాటికి స్వదేశీయే, కాని దాని తయారీదారు కొత్తగా నేర్చినది స్వల్పము. షరతు లేని రక్షణ పరిశ్రమను పెంచదు, నిద్రపుచ్చును.

మారుతి మాట చూడుము. 1983 డిసెంబరులో తొలి కారు వెలువడునాటికి జపాను సుజుకి వాటా నూటికి 26 మాత్రమే. నేడు సగమునకు మించినది. లాభములో అధికభాగమునకు హక్కుదారు జపానులో నున్నను, విడిభాగములలో అత్యధికము ఈ దేశమున తయారగుచున్నవి గనుక వేలాది చిన్న కార్ఖానాలు దానిపై బ్రతుకుచున్నవి. మన రాష్ట్రమున అనంతపురము సీమలో, పెనుగొండ చెంత, కొరియావారి కియా 2017లో ఒప్పందము వ్రాసికొని, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, యేటికి మూడు లక్షల కార్ల సామర్థ్యముతో కార్ఖానా నెలకొల్పి, 2019లో ఉత్పత్తి మొదలిడినది. వారు మన కూలి చౌకయని మాత్రమే వచ్చిరనుట అర్ధసత్యము. ఓడలో దిగు సంపూర్ణమైన కారుపై సుంకము మిక్కుటము, ఖరీదైనవానిపై బహుకాలము నూటికి నూరు. విడిభాగములుగా తెచ్చి యిచ్చట కూర్చినచో బహుస్వల్పము. ఇచ్చటనే తయారుచేసినచో అదియును లేదు. ఆ సుంకపు గోడ లోపల కోట్లాది కొనుగోలుదారులు గలరు. బెంగుళూరు రహదారి ప్రక్కనే యున్నది. గొల్లపల్లి జలాశయమునుండి నీరు వచ్చినది. విడిభాగముల సంస్థలు కొరియానుండి వెంటనే దిగినవి. ఇన్ని కలిసినప్పుడే కూలి చౌక అక్కరకు వచ్చును. ఒంటరిగా అది యే కార్ఖానాను నిలుపజాలదు. నీ పాఠ్యపుస్తకములు ఈ సంగతిని పరుగుపరుగున దాటిపోవును గావున ఇంత విస్తరించితిని.

ఇక సంఘముల మాట. కార్మికుల సంఘములే పెట్టుబడిని తఱిమివేయునని మీ నాన్న యనుచున్నాడట. సంఘము పెట్టుకొను హక్కు కొత్తది కాదు: 1926 నాటి చట్టమే, తన తొలిరూపమున, ఏడుగురు చేరినచో సంఘమును నమోదు చేయించుకొనవచ్చునన్నది. మన తెలుగువాడే యగు వరాహగిరి వేంకటగిరి గారు రైల్వే కార్మికులను కూడగట్టి, కేంద్రమున కార్మికమంత్రియై, యజమానియు కార్మికుడును ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనుటయే మేలనియు, ప్రతి తగవును ట్రిబ్యునలునకు తోయరాదనియు వాదించి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చగా 1954లో పదవిని త్యజించెను. ఆ మార్గము మూసివేసినచోట నేమగునో మారుతివారి మనేసరు కార్ఖానా చూపినది: పర్మినెంటు వానికొక జీతము, ప్రక్కనే అదే పని చేయు కాంట్రాక్టు వానికొక జీతము, స్వంత సంఘము కొఱకు పోరాడవలసివచ్చినది, ఆ కసి 2012 జూలై 18న నిప్పై లేచి ఒక అధికారి ప్రాణము తీసెను. ఆ హత్యను నేను సమర్థింపను. దానివలన కార్మికులకును ఒరిగినది లేదు, వందలమంది ఉద్యోగములు పోయినవి. 2024లో శ్రీపెరుంబుదూరునందలి శాంసంగు కార్మికులు సంఘమునకు గుర్తింపు కోరుచు ముప్పదియేడు దినములు శాంతముగా సమ్మె చేసిరి. కార్ఖానా నేటికిని అచ్చటనే యున్నది.

డెట్రాయిటు ప్రక్కన నోవైలో మీ మేనమామ యున్నాడు గదా, అచ్చటి కథయు వినుము. జపాను కార్ల ధాటికి పనులు పోయిన కాలమున ఆటో కార్మికుల సంఘభవనములవద్ద పరదేశీ కార్లు నిలుపరాదని బోర్డులు కట్టిరి. అదే కోపముతో 1982లో విన్సెంటు చిన్ అను చీనా సంతతి యువకుని కొట్టి చంపిరి. అతడు జపానువాడు కాడు, అమెరికా పౌరుడే. ఆ సంవత్సరమే హోండా ఒహాయోలో కార్లు తయారుచేయ నారంభించెను. కోపము మనిషి ముఖముపైకి మరలెను. కార్ఖానా మాత్రము సుంకములను, కోటాలను లెక్కించుకొని తన దారిని వచ్చెను. ఒహాయోవాని చేతితో పుట్టిన హోండా పరదేశీ యగునా? ఈ ప్రశ్నను మీ మేనమామకు వ్రాయుము.

నా తీర్పు చెప్పుచున్నాను. టాటా, మహీంద్రా వాహనములు మీ నాన్న అవసరమునకు సరిపడినచో వానినే కొనుడు. విద్యయు లాభమును ఇచ్చట నిలుచుట చిన్న విషయము కాదు. కియాయే నచ్చినచో సిగ్గుపడ నక్కరలేదు, పెనుగొండ పిల్లలు దానిని కట్టుచున్నారు. కాని కొన్నవాడు కూలివాని పక్షమున నిలువనిచో, ఏ గుర్తు గల కారైనను నా దృష్టిలో స్వదేశీ కాదు. మల్లవల్లిలో డెబ్బదియైదెకరములలో అశోక్ లేలాండువారి బస్సుల కార్ఖానా 2025లో తెఱువబడినది. హనుమాన్ జంక్షనునుండి దూరము కాదు. సెలవులలో నీవు వచ్చినప్పుడు షిఫ్టు మారు వేళకు గేటువద్దకు పోయి, పర్మినెంటు వారెందఱో, కాంట్రాక్టు వారెందఱో, సంఘమున్నదో లేదో, వారి నోటనే విని నాకు వ్రాయుము.

ఇట్లు,
నీ తాతయ్య
విజయవాడ