ఎక్సెల్‌లో నంబర్లు చెడుతున్నాయా?

ప్రశ్న: ముద్దనూరులో చీనీకాయల వ్యాపారం చేస్తున్నాను. పులివెందుల రైతులు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వ్యాపారుల నంబర్లన్నీ గూగుల్ కాంటాక్ట్స్‌లో ఉన్నాయి. సీఎస్‌వీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా, నంబర్లు 9.19E+11గా వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ముద్దనూరు

జవాబు: కంగారుపడకండి, మీ నంబర్లు ఎక్కడికీ పోలేదు. కానీ ఆ ఫైలును అలాగే సేవ్ చేస్తే మాత్రం నిజంగానే పోతాయి. 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబరును ఎక్సెల్ మామూలు సంఖ్య అనుకుని కుదించి చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెర మీద కనిపించిందే ఫైల్లోకి ఎక్కుతుంది. ప్రొద్దుటూరు ల్యాండ్‌లైన్ కోడ్ 08564లో మొదటి సున్నా ఎగిరిపోయేదీ ఇలా మామూలు సంఖ్య అనుకోవడం వల్లే.

సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు. ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి ఫైలు ఎంచుకోండి. ‘ఫైల్ ఆరిజిన్’ దగ్గర 65001 యూటీఎఫ్-8 పెట్టగానే తెలుగు పేర్లు చక్కగా కనబడతాయి. తర్వాత ‘ట్రాన్స్‌ఫామ్ డేటా’లో నంబర్ల కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. అప్పుడు వచ్చే ప్రశ్నకు ‘రీప్లేస్ కరెంట్’ అనే చెప్పాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

తిరిగి గూగుల్‌లోకి ఎక్కించేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా సేవ్ చేయండి. మొదటి వరుసలోని శీర్షికలను ముట్టుకోవద్దు. ఒక విడతకు 3,000 పేర్లకు మించకూడదు. పాత జాబితాను ముందే వీకార్డ్‌గా దాచుకోండి.

ఈ పని నెట్ సెంటర్‌లో చేస్తుంటే, లేచే ముందు ఆ ఫైలు తీసేసి, గూగుల్ ఖాతా లాగౌట్ చేయండి. అవి మిమ్మల్ని నమ్మి రైతులిచ్చిన నంబర్లు.